లోపల శుభవార్త

చిత్తూరు బెల్లం మండీ వెనక సందులో
దొరసామి మొదలి అంగడికి
లండన్ తూకంలో వచ్చేది.
కిలో రెండుంబావు.
మద్రాసు హార్బరు నుంచి కాట్పాడి మీదుగా
తడిసిన మూటల్లో, చెదలు తోడుగా.

అరచేతికి కొంచెం పెద్దవి ఆ బొమ్మల పుస్తకాలు.
అరవై నాలుగు పేజీలు, లోపలంతా నలుపూ తెలుపూ,
అట్ట మీద మంటలకి మాత్రం రంగు.
వెన్ను మీద చిన్న లాంతరు గుర్తు.
లాంతరు కంపెనీ అనేవాళ్ళం.
అసలు పేరుండే పేజీ
మాకంటే ముందే బెల్లం అచ్చుకి చుట్టుకొని పోయేది.

కూర్చుని చదివితే పది పైసలు, ఇంటికైతే పావలా.
"ఆడబిడ్డకి యుద్ధాలెందుకు మా?"
మొదలి అడిగింది ఒక్కసారే.
రెండోసారి స్టూలు జరిపినాడు.

మొదట్లో నేను కథలు చదవలేదు, ఇంగ్లీషు అంత రాదు.
మూలలో ధర చదివినాను.
తొమ్మిది పెన్నీలు. కొన్నాళ్ళకి ఒక షిల్లింగు.
ఉన్నట్టుండి షిల్లింగే మాయం,
కొత్త పెన్నీలు ఐదు.
అణాలు పోయిన ఏడు మండీలో
ఆరు పైసలా ఆరుంబావా అని
చొక్కాలు చించుకున్నారని మా నాయిన చెప్పేవాడు.
అక్కడ కూడా ఎవరివో చినిగే ఉంటాయి.

చిరునామాలు మారినాయి.
పెద్ద వీధిలో మూడో అంతస్తు,
తర్వాత ఏదో నది అవతల గోడౌను,
ఆఖరికి పోస్టు బాక్సు నంబరు.
కాగితం పలచనైంది.
వెనకట్ట మీద సైకిలు పోయి బబుల్‌గమ్ వచ్చింది,
అదీ పోయి పాత కథల జాబితా వచ్చింది.
లెక్కల నోటుబుక్కు చివరి పేజీల్లో
ఇదంతా రాసుకున్నాను. ఎందుకో అడగొద్దు.

బొమ్మలేసినోళ్ళ పేర్లు ఎక్కడా వెయ్యరు.
ఒకడు మాత్రం పెట్రోలు డబ్బాల మీద
సీరియల్ నంబరు మాదిరి రెండక్షరాలు దాచేవాడు.
ట్యాంకు చక్రాలు ఒక్కోటీ ఓపిగ్గా గీసి
మనుషుల కళ్ళు తొందర తొందరగా గీసేవాడు.
ఇంటి బాడుగ బాకీ ఉన్నాడేమో.

కాటా మునెప్ప బర్మాకి పోయొచ్చినోడు.
ఒక దినం నా చేతిలోది లాక్కొని
అడవి పేజీ దగ్గర ఆగిపోయినాడు.
ముందర దొరలు నలుగురు, నాలుగు మొగాలు, నాలుగు పేర్లు.
వెనక తలపాగాలు పదైదు,
అన్నిటికీ ఒకే మొగం.
"ఇందులో నేను యాడుండానో చెప్పు పాపా."
నవ్వుతాడేమోనని చూసినాను. నవ్వలేదు.
ఆయనే బెల్లం జిగురు వేలు ఒక తలపాగా మీద ఆనించి
"వీడనుకో" అన్నాడు.
ఆ మరక ఇంకా ఉంది నా దగ్గర.
ఒకసారి చీమలు కూడా పట్టినాయి.

ఒక సంచిక అట్ట మీద పసుపు పలకలో పెద్దక్షరాలు:
పాఠకులారా, శుభవార్త! లోపల చూడండి.
చూసినాను.
వచ్చే నెల నుంచి మన లాంతరు
ఇంకో పెద్ద పత్రికతో కలిసి
రెట్టింపు ఉత్సాహంతో వెలుగుతుందంట.
ఆ మాట నమ్మి, వచ్చిన మూటలన్నీ గాలించినాను.
పెద్ద పత్రిక దొరికింది.
దాని పేరు కింద సన్నటి అక్షరాల్లో లాంతరు
ఆరు నెలలుంది.
ఏడో నెల లేదు.
చావు కబురు ఎవరూ వెయ్యలేదు.
మా అక్క పెళ్ళిపత్రిక గుర్తొచ్చింది, ఎందుకో.

నిరుడు నీవా వంతెన దిగి ఆ సందులోకి పోతే
మొదలి మనవడు షట్టరు మీద కాగితం అంటిస్తా ఉన్నాడు.
కస్టమర్లకు శుభవార్త:
మా అంగడి ఇకపై పక్కనున్న సెల్‌ఫోన్ షాపుతో కలిసి
మరింత విశాలంగా...
మైదా జిగురు ఆరలేదు. ఒక మూల లేస్తా ఉంది.
నేనే అరచేత్తో అదిమినాను.

తూకానికి ఏమన్నా మిగిలిందా నైనా, అని అడిగితే
కాటా చూపించినాడు.
అది కూడా అమ్మకానికే.